బొంతకు గౌరవము

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములు కలవు. ఈ రెంటి బ్రతుకును ప్రత్తితోడను, నూలుతోడను ముడివడి యున్నది. ఆదోని చుట్టును నల్లరేగడి నేలలు వ్యాపించి యున్నవి. ఆ నేలలలో పండిన ప్రత్తి ఆదోని మార్కెట్టునకు వచ్చి రాశులుగా పడును. ఆదోనిలో నేసిన నూలు జంపఖానాలు పూర్వము నుండియు పేరు గాంచినవి. ఎమ్మిగనూరు నేతగాండ్ర ఊరు. అచ్చట 1938లో మాచాని సోమప్ప చేనేతవారిని కూడగట్టి సహకార సంఘమును స్థాపించెను. అంతవరకు ఎవరి మగ్గము వద్ద వారు ఒంటరిగా నేసి, వచ్చిన ధరకు అమ్ముకొను నేతగానికి ఆ సంఘము నూలును, పనిని, తగిన కూలిని చూపినది. భారత ప్రభుత్వము 1954లో సోమప్పకు పద్మశ్రీ బిరుదము నిచ్చి గౌరవించినది.

ఇన్ని విధముల బట్టలు పుట్టిన ఈ సీమలో ఏ అంగడిలోను వ్రేలాడగట్టని బట్ట యొకటి కలదు. దానికి ధర చీటి లేదు. దానిని చేసిన వారి పేరు ఎచ్చటను వ్రాయబడి యుండదు. అయినను అది ఇంటింటను ఉన్నది. అదియే బొంత. ప్రాత చీరలను, పంచెలను, పేలికలను పొరలుపొరలుగా పేర్చి కుట్టిన పడకబట్టకు బొంత యని పేరు. సంస్కృతమున దీనిని కంథ యందురు. "గంతకు తగిన బొంత" యను సామెత తెలియని తెలుగువాడు లేడు. సామెతలో చోటు దొరకినను, బొంతకు గౌరవము మాత్రము దొరకలేదు. ఇంటికి చుట్టములు వచ్చినపుడు బొంతను మడచి లోపలి గదిలో దాచి, కొన్న దుప్పటిని మంచముపై పరచుదురు. వసతిగృహమునకు పోవు బాలుడు తల్లి కట్టియిచ్చిన మూటలో బొంత యున్నచో, తోడివారు చూతురేమో యని దానిని పెట్టె యడుగున దాచుకొనును. బొంత బీదతనమునకు గుర్తు అను భావము జనులలో పాతుకొనిపోయినది.

ఈ భావము సరియైనది కాదు. బొంత బీదతనమునకు గుర్తు కాదు; అది బీదతనమునకు ఇచ్చిన సమాధానము. ఈ రెంటికి నడుమ గొప్ప భేదము కలదు.

బొంత ఏ పరిస్థితులలో పుట్టెనో ముందుగా చూడవలెను. రాయలసీమ వానను నమ్ముకొని బ్రతుకు సీమ. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామము బళ్లారి, కర్నూలు జిల్లాలను దారుణముగా పీడించినది. ఆ కాలమున ఆదోని బళ్లారి జిల్లాలోనిదే. నేటికిని వానలు తప్పిన సంవత్సరము ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతముల నుండి ఎన్నో కుటుంబములు గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును, ప్రత్తి తీయుటకును వలసపోవును. దీనినే సుగ్గికి పోవుట యందురు. తలపై మోయగలిగినదే ఆ కుటుంబముల ఆస్తి. వంటపాత్రలు, కొన్ని గింజలు, వానితో పాటు ఒక బొంత. పగలు అది మూటగట్టు గుడ్డ, రాత్రి పరుపు, చలి హెచ్చినపుడు కప్పు, పసిబిడ్డకు ఊయెల. చేతిలోని వస్తువును చివరి పోగు వరకు వాడుకొను వివేకము ఇట్టి సీమలో పుట్టుట సహజము.

బొంత కుట్టుట చూచుటకు సులభము. చేయుటకు సులభము కాదు. మొదట ఇంటిలో ప్రోగుపడిన ప్రాతబట్టల మూట విప్పవలెను. అందు నూలు చీరలు, పంచెలు, రవికెలు, పిల్లల అంగీలు, దర్జీ అంగడి నుండి తెచ్చిన ముక్కలు ఉండును. వానిని ఉడుకునీటిలో నానవేసి, ఉతికి, మంచి యెండలో ఆరవేయుదురు. గుండీలను, కొక్కెములను ఊడదీసి వేరుగా దాచుదురు. పిమ్మట ఒక్కొక్క గుడ్డను వెలుతురునకు ఎదురుగా పట్టి పరీక్షింతురు. వెలుతురు ఎక్కువగా దూరివచ్చిన చోట నేత అరిగిపోయినదని యర్థము. అట్టి బలహీనమైన గుడ్డ బొంత నడిమికి పోవలెను. గట్టి గుడ్డ పైకిని, అడుగునకును రావలెను. చీర అంచులు సాధారణముగా గట్టివి గనుక వానిని వేరుచేసి బొంత చుట్టును కట్టుగా వేయుదురు.

తరువాత నేలపై చాప పరచి, అడుగుపొరను దానిపై పరచి, కదలకుండ నాలుగు మూలలందును రాళ్ల బరువు పెట్టుదురు. దానిపై నడిమి పొరలను ఒకదానిపై నొకటి వేసి అరచేతితో ముడుతలు లేకుండ దువ్వుదురు. అన్నిటికంటె పైన రంగుల ముక్కలను అమర్చుదురు. ఇచ్చటనే కుట్టువారి యభిరుచి బయలుపడును. ఎరుపు ప్రక్కన ఏ రంగు నిలుచును, గళ్ల గుడ్డ ప్రక్కన చారల గుడ్డ ఒప్పునా యొప్పదా, చిన్నముక్కను ఎట్లు త్రిప్పి పెట్టిన ఖాళీ పూడును, ఇవన్నియు వారు మనసులోనే లెక్కించుకొందురు. కాగితము లేదు; గీత లేదు; కొలబద్దయు లేదు. జానయు, బెత్తెడును, వ్రేలి వెడల్పును వారి కొలతలు. ముక్కలు కుదిరిన పిమ్మట పెద్ద పెద్ద కుట్లు వేసి పొరలన్నిటిని తాత్కాలికముగా బంధింతురు. ఆ తరువాతనే అసలు కుట్టు ప్రారంభమగును. సూది పైకొకసారి, క్రిందికొకసారి దూరుచు వరుసగా సాగును. కుట్టుచున్న కొలదిని పైగుడ్డ కొంచెము కొంచెముగా ముందునకు జరుగును. ప్రతి వరుసకును గుడ్డను సర్దుకొననిచో ఆ జరుగుడంతయు చివరకు చేరి పెద్దముడుతగా తేలును. తొందరపడువారికి బొంత లొంగదు.

ఈ శ్రమ యెంతయో విద్యార్థులు తామే లెక్క వేసి చూడవచ్చును. ఒక బొంత పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు అనుకొనవలెను. 6 గజముల చీర పొడవు 18 అడుగులు. వెడల్పు ఇంచుమించు 4 అడుగులు. దానిని మూడు సమభాగములు చేసినచో మూడు పొరలు వచ్చును. రెండు చీరలకు ఆరు పొరలు. అంగుళమున్నర దూరమున కొక వరుస చొప్పున కుట్టినచో వెడల్పులో 32 వరుసలు పట్టును. అంగుళమునకు మూడు కుట్లైనచో 6 అడుగుల వరుసలో 216 కుట్లు. మొత్తము 6,912 కుట్లు. నిమిషమునకు పది కుట్లు వేయగల చేతికిని పదునొకండు గంటలకు పైగా పట్టును. బట్టలు ఏరుట, ఉతుకుట, కత్తిరించుట, అమర్చుట ఇందు చేరలేదు. పొలము పని, వంట పని, నీళ్ల పని ముగిసిన తరువాత మిగిలిన అరగంటలలో జరుగు పని యిది. అందుచేత ఒక బొంత ముగియుటకు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలును పట్టును.

బొంత వెచ్చగా నుండుటకును శాస్త్రసమ్మతమైన కారణము కలదు. వెచ్చదనము గుడ్డలోనే లేదు. పొరల నడుమ చిక్కుకొనిన గాలిలో నున్నది. కదలని గాలి ఉష్ణమును సులభముగా ప్రసరింపనీయదు. ఒక మందపు గుడ్డకంటె ఆరు పలుచని పొరలు వెచ్చగా నుండుటకు ఇదియే హేతువు. కుట్లు మరీ దగ్గరగా నున్న గాలికి చోటుండదు. మరీ దూరమైన పొరలు జారి గుంపుగూడును. ఎంత దూరమున కుట్టవలెనో ఏ పుస్తకమును చదువని అవ్వకు చేతి యనుభవము వలన తెలిసినది. పైగా వాడి వాడి మెత్తబడిన నూలుగుడ్డ చెమటను పీల్చుకొనును. పసిబిడ్డ చర్మమునకు ఒరసికొనదు. పురిటి బిడ్డకు క్రొత్తగుడ్డకంటె ప్రాతచీరల బొంతయే హితమని పెద్దలు చెప్పుట వట్టి ఆచారము కాదు.

కొందరు అవసరము తీరిన పిమ్మటను ఈ పనిని మానరు. పిల్లలు ఉద్యోగములలో స్థిరపడి, ఇంటిలో కొన్న పరుపులు, కంబళ్లు నిండి యున్నను, మధ్యాహ్నపు వేళ అరుగుపై కూర్చుండి ఇరువది, ముప్పది యేండ్లుగా బొంతలు కుట్టుచున్న స్త్రీలు పెక్కు ఊళ్లలో కనబడుదురు. ఇరుగుపొరుగు వారు వచ్చి తలకొక మూల పట్టుకొందురు. మాటలు సాగును, సూదులును సాగును. వారు పొదుపు కొరకు మాత్రమే కుట్టుట లేదు. పనికిరానిదని పారవేసిన దానినుండి పనికివచ్చు దానిని, అందమైన దానిని సృష్టించుటలో గల ఆనందము వారిని ఆ పనికి కట్టివేసినది. కవికి పద్యము, గాయకునికి రాగము ఎట్టివో వారికి ఆ రంగుముక్కలు అట్టివి.

అంతేకాదు, బొంత ఇంటి చరిత్ర. "అవ్వా, ఈ పచ్చగుడ్డ ఎవరిది?" అని మనుమరాలు అడుగును. "అది మీ నాయన మొదటిసారి బడికి పోయిన దినమున తొడిగిన అంగీదమ్మా" అని అవ్వ చెప్పును. ఆ ప్రక్క ముక్క పెండ్లి చీరది. దాని క్రిందిది చనిపోయిన తాత పంచెది. అచ్చుపడిన వంశవృక్షము లేని ఇండ్లలో బొంతయే వంశవృక్షము. దానిని పారవేసిన వారు గుడ్డను మాత్రమే పారవేయుట లేదు.

దీనికి ఎదురుగా ఒక వాదము కలదు. అది త్రోసివేయదగినది కాదు. "నేడు అంగడిలో కంబళి చౌకగా దొరకుచున్నది. పదునొకండు గంటలు కన్నులు నొప్పులు పుట్టునట్లు కుట్టుట ఎందుకు? స్త్రీలు గత్యంతరము లేక చేసిన పనిని నేడు కళ యని పొగడుట వారి కష్టమును మరచుట కాదా?" అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నలో న్యాయమున్నది. బీదతనమును ఎన్నడును పొగడరాదు. చలికి ఓర్వలేక, వేరు దారి లేక, దీపపు గుడ్డివెలుతురులో కుట్టిన చేతుల బాధ బాధయే. మరల ప్రతి స్త్రీయు బొంత కుట్టి తీరవలెనని శాసించుటయు తగదు. ఇష్టము లేనివారు మానవచ్చును. సూది స్త్రీల చేతిలోనే ఉండవలెనను నియమమును లేదు. దర్జీ అంగడులలో సూది పట్టినవారు పురుషులే కదా! ఇంటిలో బొంత కుట్టుటకు మాత్రము బాలురు సిగ్గుపడుట వింత.

కాని, ఒక పని కష్టముతో కూడినదైనంత మాత్రమున ఆ పనిలోని నేర్పు అబద్ధము కాదు. కష్టమును తొలగింపవలెను, నేర్పును నిలుపవలెను. ఎమ్మిగనూరు చరిత్రయే దీనికి నిదర్శనము. మగ్గము పనియు కష్టమైనదే. నేతగాడు బీదవాడని మగ్గమును విరుగగొట్టుమని ఎవరును చెప్పలేదు. అతని నేర్పునకు తగిన కూలి రావలెనని సంఘము పెట్టిరి. చేనేత బట్టను ధరించుట గౌరవమని దేశము నేర్చుకొన్నది. మగ్గముపై పుట్టిన చీరకు దొరకిన ఆ గౌరవము, ఆ చీరయే ముసలిదై బొంతగా మారినపుడు ఎందుకు పోవలెను? నేసినది ఒక చేయి. కాపాడినది మరియొక చేయి. రెండును శ్రమించిన చేతులే.

బట్టను చివరివరకు వాడుకొనుట ఈ దేశమున మహనీయులు నేర్పిన ధర్మము. బౌద్ధుల వినయపిటకమున ఒక కథ కలదు. ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు ఆనందునికి ఐదువందల వస్త్రముల నిచ్చిరి. ఒక భిక్షువునకు ఇన్ని యెందులకని రాజు సందేహించి ఆనందుని ప్రశ్నించెను. చినిగిన బట్టలు గల భిక్షువులకు వీనిని పంచుదునని ఆనందుడు చెప్పెను. మరి ఆ ప్రాతబట్టలను ఏమి చేయుదురని రాజు అడిగెను. వానిని పడకపై కప్పుగా వాడుదుమనియు, అవి జీర్ణించిన పరుపు గలీబులుగా, ఆపై నేలపై పరచు గుడ్డలుగా, పిమ్మట కాళ్లు తుడుచుకొను గుడ్డలుగా, దుమ్ము దులుపు గుడ్డలుగా వాడుదుమనియు, తుదకు వానిని మట్టిలో కలిపి నేల అలుకుదుమనియు ఆనందుడు వివరించెను. ఆ మాట విని రాజు సంతోషించి మరి ఐదువందల వస్త్రముల నిచ్చెనట. దానము పొందుటకు అర్హత ఏమో ఈ కథ తెలుపుచున్నది. వ్యర్థము చేయనివాడే అర్హుడు.

బొంత ఒక్క తెలుగుసీమకే చెందినది కాదు. వంగదేశమున కాంథా యను పేరుతో ప్రాతచీరలపై పువ్వులను, పక్షులను, కథలను కుట్టుదురు. కన్నడసీమలో దీనికి కౌది యని పేరు. కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టు బొంతలకు మూలలందు చిన్న గుడ్డమడతలను పువ్వువలె అమర్చుదురు. ఆ పువ్వులు లేని బొంత వారి దృష్టిలో పూర్తియైనది కాదు. ఆఫ్రికా నుండి పూర్వము వచ్చినవారి సంతతియే ఆ సిద్దీలు.

సముద్రముల కావల అమెరికాలో అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. అచ్చటివారు ప్రత్తితోటలలో బానిసలుగా పనిచేసిన ఆఫ్రికా జాతీయుల సంతతివారు. ఆ పల్లె స్త్రీలు అరిగిపోయిన పనిబట్టలను చించి తరతరములుగా బొంతలు కుట్టిరి. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘమును ఏర్పరచుకొని బొంతలను అమ్మి కూలి సంపాదించిరి. 2002లో ఆ పల్లె బొంతలను హ్యూస్టన్ నగరపు కళామందిరమునందును, అదే యేడు న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునందును గోడలకు వ్రేలాడగట్టి ప్రదర్శించిరి. 2006లో అమెరికా తపాలాశాఖ ఆ బొంతల చిత్రములతో బిళ్లలను ముద్రించినది. బొంతలు మారలేదు, చూచువారి కన్ను మారినది. అచ్చటి ప్రత్తిసీమలో మారిన కన్ను ఇచ్చటి ప్రత్తిసీమలో మాత్రము ఎందుకు మారరాదు?

నేటి కాలమున ఈ విషయమునకు మరియొక ప్రాముఖ్యము కలిగినది. ప్రపంచమున ఏటేట 9 కోట్ల 20 లక్షల టన్నుల బట్ట వ్యర్థముగా పోవుచున్నదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము అంచనా వేసినది. ఒక కిలో ప్రత్తి పండి బట్టగా మారుటకు ప్రపంచ సగటున సుమారు 10,000 లీటర్ల నీరు ఖర్చగును. నీటికై ఆకాశము వైపు చూచు సీమలో పండిన ప్రత్తిని, కొంచెము చినిగినదని చెత్తకుప్పపై వేయుట, పొలమున పడిన చెమటను చెత్తకుప్పపై పోయుటయే. నూలుతో కృత్రిమ దారములు కలిసిన బట్టలు మట్టిలో త్వరగా కలియవు. కాల్చిన విషపు పొగ లేచును. ఇంటిలో కుట్టు బొంతలు ఈ వ్యర్థమునంతను మాన్పగలవని చెప్పుట అతిశయోక్తి యగును. ఆ పని ప్రభుత్వములు, కర్మాగారములు చేయవలసినది. అయినను అవసరము లేని బట్టను కొనకుండుట, కొన్నదానిని చివరివరకు వాడుకొనుట అను బుద్ధి ఇంటిలోనే పుట్టవలెను. ఆ బుద్ధికి బొంత మంచి గురువు.

కావున పాఠశాలలలో బాలబాలికలు ఇరువురును సూది పట్టుట నేర్వవలెను. సెలవు దినములలో అవ్వ ప్రక్కన కూర్చుండి ఒక మూల పట్టి కుట్టినచో, ఓర్పు అనగా ఏమో ఉపన్యాసము లేకయే తెలియును. ముక్కల అమరికలో రేఖాగణితము తెలియును. గుడ్డ వెనుకనున్న కథలు తెలియును. ఆదోని, ఎమ్మిగనూరులలో జరుగు ప్రదర్శనములందు జంపఖానాలకును, దుప్పట్లకును ఇచ్చు చోటులో కొంత బొంతలకును ఇచ్చి, ప్రక్కన కుట్టిన వారి పేరు వ్రాయుట తగిన పని. పేరు వ్రాయుటకు ఖర్చేమియు లేదు. కాని ఆ పేరు చదివినపుడు ఆరువేల తొమ్మిదివందల కుట్లు వేసిన చేయి మొదటిసారి గుర్తింపు పొందును.

ధనమున్న చోట క్రొత్తబట్ట వచ్చుట వింత కాదు. ధనము లేని చోట ప్రాతబట్ట నుండి వెచ్చదనమును పుట్టించుట మనుష్యుని గొప్పతనము. ఆ గొప్పతనమును మడచి లోపలి గదిలో దాచుటకు కారణమేమియు లేదు. చుట్టములు వచ్చినను, తోడివారు చూచినను, బొంతను వెలుతురున పరచవలెను.